యాంటీబాడీకి బయోటిన్ ఎక్కించడం ఎలా: మన ఎండలో, మన ల్యాబ్‌లో

ఏటా పీహెచ్‌డీ పిల్లల దగ్గర్నుంచి ఒకే ఫోను. "మేడమ్, ప్రోటోకాల్ అక్షరం పొల్లుపోకుండా చేసినా. బయోటిన్ ఎక్కలేదు." అనంతపురం నుంచి, కడప నుంచి, కర్నూలు నుంచి, ఎక్కడి నుంచి వచ్చినా మాట అదే. నేను తిరిగి అడిగేది కూడా ఒకటే: "యాంటీబాడీ ఏ బఫర్‌లో ఉండింది?" అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత "ట్రిస్‌లో మేడమ్" అంటారు.

అందుకే ఇదంతా ఒకచోట రాస్తున్నాను. బయోటిన్ కలిపే పని, అంటే బయోటిన్ అనే చిన్న విటమిన్‌ను యాంటీబాడీకి గుర్తుగా తగిలించడం, రెండు గంటల్లో అయిపోతుంది. చెడిపోయేది దాదాపు ఎప్పుడూ అంతకు ముందే, అంటే బఫర్‌లోనో (యాంటీబాడీ ఉన్న ద్రావణంలోనో), పొడి సీసా మూత తీసే తీరులోనో, లెక్కలోనో. కాబట్టి ఆ మూడింటి మీదే ఎక్కువ చెబుతాను.

మన దగ్గర ఈ పని ఎందుకు అవసరమో ఒక్క మాట. 2000లో అనంతపురం జిల్లాలో చెనిక్కాయ పంటను కాండం కుళ్లు తెగులు ఊడ్చేసింది. 2 లక్షల హెక్టార్లకు పైగా దెబ్బతింది. దానికి కారణం టొబాకో స్ట్రీక్ వైరస్ అని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు తేల్చారు. గట్ల మీది వయ్యారిభామ పుప్పొడిలో వైరస్ ఉంటుంది, తామర పురుగులు దాన్ని చేలోకి తెస్తాయి. ఇలాంటి వైరస్‌ను ఆకులో పట్టుకోవాలంటే ఎలైసా, అంటే ప్లేటు గుంతల్లో యాంటీబాడీతో చేసే రంగు పరీక్ష, చేయాలి. మన చేతిలో సాధారణంగా ఉండేది ఒకే ఒక్క కుందేలు యాంటీబాడీ. ప్లేటుకు అతికించేదీ అదే, పైన గుర్తుపట్టాల్సిందీ అదే. కుందేలు యాంటీబాడీని పట్టే ఎంజైమ్ కాంజుగేట్ (రంగు తెప్పించే ఎంజైమ్ తగిలించిన మరో యాంటీబాడీ) వేస్తే కిందదాన్నీ పైదాన్నీ రెండింటినీ పట్టేసుకుంటుంది, ప్లేటంతా రంగు. అదే యాంటీబాడీలో కొంత తీసి బయోటిన్ ఎక్కిస్తే, బయోటిన్‌ను గట్టిగా పట్టే స్ట్రెప్టావిడిన్ అనే ప్రొటీన్ దాన్ని మాత్రమే పడుతుంది. గొర్రెల నీలి నాలుక వ్యాధి మీద పనిచేసేవాళ్లకూ, ఆస్పత్రి ల్యాబ్‌లో సొంతంగా అస్సే (పరీక్ష) తయారుచేసుకునేవాళ్లకూ ఇదే పద్ధతి.

సిద్ధాంతం ఇంతే: ఎన్‌హెచ్‌ఎస్ అనే కొస ఉన్న బయోటిన్, ప్రొటీన్ మీది లైసిన్ అనే అమైనో ఆమ్లాల అమైన్ గుంపుకు అతుక్కుంటుంది. ఒక ఐజీజీ (మనం వాడే మామూలు రకం యాంటీబాడీ) మీద 80 దాకా లైసిన్లు ఉంటాయి. మనకు వాటిలో 4 నుంచి 6 మీద బయోటిన్ ఎక్కితే చాలు. అయితే అదే ఎన్‌హెచ్‌ఎస్ కొస నీళ్లతో కూడా చర్య జరిపి చచ్చిపోతుంది. అంటే ఈ పని మొత్తం నీటికీ లైసిన్‌కీ మధ్య పందెం.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

శుద్ధి చేసిన యాంటీబాడీ 1 మిల్లీగ్రాము, మిల్లీలీటరుకు 1 నుంచి 2 మిల్లీగ్రాముల గాఢతలో. సీరం నేరుగా పనికిరాదు. సీరంలోని ప్రొటీన్‌లో ఎక్కువ భాగం ఆల్బుమిన్, బయోటిన్ అంతా అదే తినేస్తుంది.

బయోటిన్ పొడి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు సల్ఫో-ఎన్‌హెచ్‌ఎస్-ఎల్‌సీ-బయోటిన్ తీసుకోండి. నీటిలో కరుగుతుంది, డీఎంఎస్ఓ (నీళ్లు కాని ఒక ద్రావకం) గొడవ లేదు. ఎల్‌సీ అంటే మధ్యలో పొడవైన కాడ ఉంటుందని అర్థం. స్ట్రెప్టావిడిన్‌లో బయోటిన్ కూర్చునే గుంత లోతుగా ఉంటుంది కాబట్టి కాడ పొడవుగా ఉంటేనే బాగా అందుతుంది. సల్ఫో లేని ఎన్‌హెచ్‌ఎస్-ఎల్‌సీ-బయోటిన్ ధర తక్కువ, పని అంతే బాగుంటుంది, కానీ తేమ లేని డీఎంఎస్ఓలోనో డీఎంఎఫ్‌లోనో కరిగించాలి. ఏళ్ల తరబడి షెల్ఫులో మూత వదులుగా ఉన్న డీఎంఎస్ఓ సీసా మాత్రం వద్దు. అది గాలిలోని నీళ్లు తాగేసి ఉంటుంది.

పీబీఎస్ (ఫాస్ఫేట్, ఉప్పు కలిసిన బఫర్), పీహెచ్ 7.4. లేదా 0.1 మోలార్ సోడియం బైకార్బొనేట్, పీహెచ్ 8.3. నేను పీబీఎస్‌నే వాడతాను. ఎందుకో మూడో మెట్టులో చెబుతాను.

డయాలిసిస్ గొట్టం లేదా డీసాల్టింగ్ కాలమ్. స్పెక్ట్రోఫోటోమీటర్, దానికి క్వార్ట్జ్ క్యువెట్. థర్మకోల్ పెట్టెలో ఐస్. ఐస్ మెషిన్ లేకపోతే నీళ్ల సీసాలు ముందురోజు రాత్రే డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, పొద్దున పెట్టెలో నీళ్లు పోసి వాటిని అందులో ముంచండి. ట్యూబులు నీళ్లలో నిలబడాలి. గడ్డల మధ్య గాలిలో వేలాడితే చల్లదనం అందదు.

పరీక్షించడానికి: స్ట్రెప్టావిడిన్-హెచ్‌ఆర్‌పీ (హెచ్‌ఆర్‌పీ అంటే రంగు తెప్పించే ఎంజైమ్), నైట్రోసెల్యులోజ్ పొర చిన్న ముక్క, వీలైతే హాబా-అవిడిన్ ద్రావణం (ఎన్ని బయోటిన్లు ఎక్కాయో చెప్పే రంగు ద్రావణం).

1. బఫర్ మార్చండి. ఇది దాటవేయొద్దు

యాంటీబాడీ ఎక్కడి నుంచి వచ్చినా సరే, ఏ కాగితం మీద ఏమి రాసి ఉన్నా సరే, బయోటిన్ కలిపే ముందు పీబీఎస్‌లోకి మార్చండి.

మనం చేసే శుద్ధి తీరు చూడండి. ప్రొటీన్-ఏ కాలమ్ మీద యాంటీబాడీని పట్టించి, పీహెచ్ 2.8 గ్లైసిన్‌తో దించుతాం. ఆ ఆమ్లంలో యాంటీబాడీ పాడవకుండా, కింద ట్యూబులో ముందే 1 మోలార్ ట్రిస్ పోసి ఉంచుతాం. గ్లైసిన్ ఒక అమైన్, ట్రిస్ ఇంకొక అమైన్. బయోటిన్‌కు ఏ అమైన్ అయినా ఒకటే. ట్యూబులో యాంటీబాడీ మైక్రోమోలార్లలో ఉంటే, ట్రిస్ దానికి వేల రెట్లు ఉంటుంది. ఇక లైసిన్ వంతు ఎప్పుడొస్తుంది?

నాకు ఇది మొదటిసారి తెలిసిన రోజు ఇప్పటికీ గుర్తుంది. ఒక కుందేలుకు నాలుగు బూస్టర్లు వేసి, నెలల తరబడి చూసుకుని తీసిన సీరం. కాలమ్ నుంచి దిగిన మొదటి మంచి భాగం మొత్తం నేరుగా బయోటిన్‌లో కలిపేశాను. ప్లేటు చదివితే ఖాళీ బావికీ దీనికీ తేడా లేదు. ఆ కుందేలు అప్పటికే పోయింది. మళ్లీ తెచ్చుకోలేని యాంటీబాడీ మీద ఈ తప్పు మీకు జరగకూడదనే ఈ మెట్టును ఇంత సాగదీస్తున్నాను.

ట్రిస్, గ్లైసిన్ ఒక్కటే కాదు. అమోనియం సల్ఫేట్‌తో యాంటీబాడీని అవక్షేపించి ఉంటే అమోనియం కూడా బయోటిన్‌ను తింటుంది. హిస్-ట్యాగ్ ప్రొటీన్ అయితే ఇమిడజోల్ ఉంటుంది. అది ఎన్‌హెచ్‌ఎస్‌ను త్వరగా చంపేస్తుంది. కొన్న యాంటీబాడీ అయితే డేటాషీట్‌లో బీఎస్ఏ (ఆవు ఆల్బుమిన్), జెలటిన్ ఉన్నాయేమో చూడండి. ఇవి డయాలిసిస్‌తో పోవు, ఎందుకంటే అవీ పెద్ద ప్రొటీన్లే. ఆర్డరు పెట్టేటప్పుడే "బీఎస్ఏ లేనిది కావాలి" అని అడగండి. ఇప్పటికే కొనేసి ఉంటే ప్రొటీన్-ఏ మీద మరోసారి శుద్ధి చేసుకోవడమే దారి.

డయాలిసిస్ అయితే: 1 మిల్లీలీటరు యాంటీబాడీకి 1 లీటరు పీబీఎస్, మూడుసార్లు మార్పు. రెండు మార్పులు మూడు నాలుగు గంటలకొకటి, మూడోది రాత్రంతా, 4 డిగ్రీల దగ్గర. ఎండాకాలం రాత్రి కరెంటు పోతుందన్న అనుమానం ఉంటే, బీకరు చుట్టూ గడ్డకట్టిన సీసాలు పేర్చి ఫ్రిజ్‌లో పెట్టండి, తలుపు తెరవొద్దు.

స్పిన్ కాలమ్ అయితే అరగంట పని. కానీ అక్కడ ఒక తప్పు మళ్లీ మళ్లీ జరుగుతుంది. కంపెనీ కాగితం 1000 "జీ" (భూమ్యాకర్షణకు 1000 రెట్లు) అంటే, సెంట్రిఫ్యూజ్ మీద 1000 ఆర్‌పీఎం (నిమిషానికి 1000 చుట్లు) పెడతారు. రెండూ ఒకటి కాదు. మీ రోటర్ వ్యాసార్థం చూసి లెక్కకట్టుకోండి. లేదా మెషిన్ మీద జీ బటన్ ఉంటే అదే నొక్కండి.

2. గాఢత కొలవండి

280 నానోమీటర్ల దగ్గర ఓడీ (ద్రావణం మింగిన కాంతి కొలత) చదివి 1.4తో భాగిస్తే ఐజీజీ మిల్లీలీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో వస్తుంది. నాలుగు రెట్లు పలచన చేసి చదివితే 0.70 వచ్చిందనుకోండి. 0.70 × 4 = 2.8. దాన్ని 1.4తో భాగిస్తే 2 మిల్లీగ్రాములు.

ఇక్కడ క్వార్ట్జ్ క్యువెట్ తప్పనిసరి. మామూలు ప్లాస్టిక్, గాజు క్యువెట్లు 280 దగ్గర కాంతిని అవే మింగేస్తాయి, మీ ప్రొటీన్ ఎంతో తెలియదు. బ్లాంక్‌గా డయాలిసిస్ చేసిన ఆఖరి బఫర్‌నే వాడండి, డిస్టిల్డ్ వాటర్ కాదు.

1 మిల్లీగ్రాము కంటే పలచగా ఉంటే స్పిన్ కాన్సంట్రేటర్‌తో చిక్కబరచండి. పలచన ద్రావణంలో నీటిదే పైచేయి అవుతుంది.

3. లెక్క వేయండి, ఎండను కూడా లెక్కలోకి తీసుకోండి

మొదట మోల్స్. ఐజీజీ బరువు 1,50,000. 1 మిల్లీగ్రాము అంటే 6.67 నానోమోల్స్. ఒక యాంటీబాడీకి 20 బయోటిన్లు ఇస్తాం: 6.67 × 20 = 133 నానోమోల్స్.

సల్ఫో-ఎన్‌హెచ్‌ఎస్-ఎల్‌సీ-బయోటిన్ బరువు 556.6. దీన్ని 10 మిల్లీమోలార్ చేయాలంటే 2 మిల్లీగ్రాముల పొడిలో 360 మైక్రోలీటర్ల నీళ్లు. అందులోంచి 133 నానోమోల్స్ అంటే 13.3 మైక్రోలీటర్లు. ఇదే మీరు 1 మిల్లీగ్రాము యాంటీబాడీకి కలపాల్సింది.

సల్ఫో లేనిది అయితే బరువు 454.5, 2 మిల్లీగ్రాములకు 440 మైక్రోలీటర్ల డీఎంఎస్ఓ. కలిపేది అంతే, 13.3 మైక్రోలీటర్లు. మొత్తం చర్యలో డీఎంఎస్ఓ పదో వంతు దాటకూడదు.

ఐజీజీ కాకుండా చిన్న ప్రొటీన్ అయితే ఈ 13.3ను గుడ్డిగా వాడొద్దు. 30,000 బరువున్న ప్రొటీన్ 1 మిల్లీగ్రాములో 33 నానోమోల్స్ ఉంటాయి, అంటే ఐదు రెట్లు. నిష్పత్తి మళ్లీ వేయండి. దానిమీద లైసిన్లు తక్కువగా ఉంటాయి కాబట్టి 5 రెట్లు, 10 రెట్లతో మొదలుపెట్టండి.

మొదటిసారి చేస్తుంటే మూడు చిన్న ట్యూబులు పెట్టండి: 5 రెట్లు, 10 రెట్లు, 20 రెట్లు. ఒక్కోదానికి 200 మైక్రోగ్రాముల యాంటీబాడీ చాలు. ఉన్నదంతా ఒకే నిష్పత్తిలో పోసేసి తర్వాత తల పట్టుకోవడం కంటే ఇది నయం. ఎక్కువ బయోటిన్ అంటే ఎక్కువ సిగ్నల్ అని అందరూ అనుకుంటారు. ఉప్పు ఎక్కువైతే కూర రుచి పెరగదు. యాంటీజెన్‌ను పట్టే చోట ఉన్న లైసిన్ల మీద కూడా బయోటిన్ కూర్చుంటే యాంటీబాడీ గుడ్డిదవుతుంది. ఇంకా ఎక్కువైతే ముద్దకట్టి ట్యూబు అడుగున తెల్లగా కూర్చుంటుంది.

ఇక ఎండ సంగతి. ప్రోటోకాల్ "గది ఉష్ణోగ్రత, 30 నిమిషాలు" అంటుంది. రాసినవాళ్ల గది 20 నుంచి 25 డిగ్రీలు. మే నెలలో కర్నూలులో బయట 43, 44 డిగ్రీలు ఉన్నప్పుడు, ఏసీ లేని ల్యాబ్ బల్ల మీద 35కు తగ్గదు. ఎన్‌హెచ్‌ఎస్‌కు వేడి, పీహెచ్ రెండూ శత్రువులే. పీహెచ్ 7, సున్నా డిగ్రీల దగ్గర సగం చావడానికి 4, 5 గంటలు పడుతుంది. పీహెచ్ 8.6కు పోతే 4 డిగ్రీల దగ్గర కూడా 10 నిమిషాల్లోనే సగం పోతుంది. అందుకే నేను బైకార్బొనేట్ పక్కనపెట్టి పీబీఎస్‌లో, ఐస్ మీద 2 గంటలు చేస్తాను. పని కాస్త నిదానం, కానీ జనవరిలో వచ్చిన ఫలితమే మేలోనూ వస్తుంది.

4. పొడి సీసా తెరవడం

సీసా మైనస్ 20లో ఉంటుంది. తీసిన వెంటనే మూత తిప్పితే ఏమవుతుందో ఒకసారి గమనించండి. ఫ్రిజ్‌లోంచి తీసిన చెంబుకు చెమట పట్టినట్టు, సీసా లోపలి గోడకు సన్నని మంచు పొర పడుతుంది. అది క్షణాల్లో నీటిబొట్లుగా మారి పొడిలోకి జారుతుంది. తెల్లగా, పొడిపొడిగా ఉండాల్సింది గరిటె తగలగానే అటుకుల ముద్దలా అంటుకుంటుంది. ఆ ముద్దలో సగం ఎన్‌హెచ్‌ఎస్ అప్పటికే చచ్చిపోయి ఉంటుంది. తూకం సరిగ్గానే వస్తుంది, పని మాత్రం చేయదు.

కాబట్టి సీసా తీసి, మూత తీయకుండా, సిలికా జెల్ ఉన్న డెసికేటర్‌లో గంటసేపు ఉంచండి. గాజు బయట తేమ పూర్తిగా పోయిందని వేలితో తాకి చూశాకే మూత తిప్పండి. సిలికా జెల్ నీలంగా ఉండాలి. గులాబీ రంగుకు తిరిగి ఉంటే ముందు ఓవెన్‌లో ఆరబెట్టండి.

వానాకాలంలో సీసా పదిసార్లు తెరవడం కంటే, కొన్న రోజే 2 మిల్లీగ్రాముల చొప్పున చిన్న ట్యూబుల్లో తూచి, సిలికా జెల్ పొట్లంతో సహా సంచీలో వేసి మైనస్ 20లో దాచండి. ఒక ట్యూబు ఒక పనికి. ముందే తూచి ఉన్న ట్యూబులు కంపెనీలు కూడా అమ్ముతాయి. ధర ఎక్కువే, కానీ ఏడాదికి రెండుసార్లే చేసేవాళ్లకు అవే గిట్టుబాటు.

హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో పార్శిల్ వచ్చినప్పుడు, అందులోని ఐస్ ప్యాక్ నీళ్లయి ఉందా, సీసా చుట్టూ సంచి తడిసి ఉందా చూసి, ఆ మాట రిజిస్టర్‌లో రాసుకోండి. తర్వాత పని చెడితే కారణం వెతకడానికి ఆ ఒక్క వాక్యమే దిక్కవుతుంది.

5. కలపడం

యాంటీబాడీ ట్యూబు ఐస్ మీద సిద్ధంగా ఉండాలి. అప్పుడే పొడిలో నీళ్లు పోయండి, అంతకు ముందు కాదు. కరగగానే, అంటే అర నిమిషంలో, 13.3 మైక్రోలీటర్లు తీసి యాంటీబాడీలో వేయండి. పైపెట్ కొన ద్రావణంలో ముంచి, మెల్లగా తిప్పుతూ వదలండి. పైనుంచి ఒకేచోట చుక్కగా వేస్తే అక్కడి యాంటీబాడీ మీదే బయోటిన్ కుప్పగా పడుతుంది. వోర్టెక్స్ వద్దు, నురుగు వస్తే ప్రొటీన్ పాడవుతుంది.

ఐస్ మీద 2 గంటలు. అరగంటకోసారి ట్యూబును తలకిందులు చేసి కలపండి.

మిగిలిన బయోటిన్ ద్రావణాన్ని రేపటికి దాచొద్దు. నీళ్లలో కరిగించిన ఎన్‌హెచ్‌ఎస్ రేపటికి ఉత్త బయోటిన్ అయిపోతుంది. చాలామంది ఫ్రీజర్లలో ఆ ట్యూబులు చూశాను. పారబోయండి.

6. అతుక్కోని బయోటిన్‌ను తీసేయండి

20 ఇస్తే 5 అతుక్కున్నాయి, మిగతావన్నీ నీటిలో తిరుగుతున్నాయి. అవి స్ట్రెప్టావిడిన్ నాలుగు గుంతల్లో ముందే కూర్చుంటే మీ యాంటీబాడీకి చోటుండదు. స్ట్రెప్టావిడిన్ పూత ఉన్న ప్లేట్లు, పూసలు వాడేవాళ్లకు ఇది ప్రాణాంతకం.

చర్య ఆపడానికి 1 మోలార్ ట్రిస్ కొంచెం, మొత్తం 50 మిల్లీమోలార్ అయ్యేలా వేసి 10 నిమిషాలు ఉంచండి. ఇప్పుడు ట్రిస్ మన పక్షం. తర్వాత మొదటి మెట్టులోలాగే డయాలిసిస్ మూడు మార్పులు, లేదా డీసాల్టింగ్ కాలమ్. పీడీ-10 కాలమ్ అయితే శాంపిల్‌ను పీబీఎస్‌తో 2.5 మిల్లీలీటర్లకు పెంచి వేయండి. ఆ 2.5 దిగేదంతా పారబోసి, తర్వాత 3.5 మిల్లీలీటర్ల పీబీఎస్ పోసి కింద పట్టుకోండి. యాంటీబాడీ అందులో ఉంటుంది.

280 ఓడీ మళ్లీ చదవాల్సింది ఇది అయ్యాకే. ఎన్‌హెచ్‌ఎస్ నుంచి విడిపోయిన ముక్క కూడా 260 నుంచి 280 మధ్య కాంతిని మింగుతుంది. శుభ్రం చేయకముందే చదివి "యాంటీబాడీ పెరిగింది మేడమ్" అన్న పిల్లలున్నారు.

7. ఎక్కిందా లేదా చూడండి

మూడు పరీక్షలు. మొదటిది ఎవరైనా చేయగలిగేది.

చుక్క పరీక్ష: నైట్రోసెల్యులోజ్ మీద పెన్సిల్‌తో గళ్లు గీసి, 100, 10, 1 నానోగ్రాముల చొప్పున 1 మైక్రోలీటరు చుక్కలు పెట్టండి. పక్క వరుసలో బయోటిన్ లేని అదే యాంటీబాడీ. ఆరాక 3 శాతం బీఎస్ఏలో గంట. పాలపొడి వాడొద్దు. పాలలో బయోటిన్ ఉంటుంది, స్ట్రెప్టావిడిన్ దాన్నే పట్టేసి, సిగ్నల్ తగ్గుతుంది లేదా పొరంతా మసకబారుతుంది. తర్వాత స్ట్రెప్టావిడిన్-హెచ్‌ఆర్‌పీ అరగంట, ట్వీన్ (సబ్బులాంటి ద్రవం) కలిపిన పీబీఎస్‌తో మూడు కడుగులు, ఆపై హెచ్‌ఆర్‌పీ తగిలిన చోట గోధుమ రంగు వచ్చే డీఏబీ. ఎలైసాకు వాడే టీఎంబీ ఇక్కడ పనికిరాదు. దాని రంగు నీటిలో కరిగి పోతుంది, చుక్క మిగలదు. పొరకు వాడే టీఎంబీ వేరే దొరుకుతుంది.

100, 10 కనబడి, బయోటిన్ లేని వరుస శుభ్రంగా ఉంటే ఎక్కినట్టే. రెండు వరుసల్లోనూ రంగు వస్తే కడగడమో బ్లాకింగో చాలలేదు. రెండింట్లోనూ రాకపోతే ముందు హెచ్‌ఆర్‌పీని అనుమానించండి. దాని చుక్క ఒకటి నేరుగా డీఏబీలో వేసి చూడండి. బఫర్‌లో సోడియం అజైడ్ ఉంటే హెచ్‌ఆర్‌పీ పనిచేయదని కూడా గుర్తుంచుకోండి.

హాబా పరీక్ష ఎన్ని ఎక్కాయో చెబుతుంది. హాబా రంగు, స్ట్రెప్టావిడిన్ లాగే బయోటిన్‌ను పట్టే అవిడిన్‌లో కూర్చుని 500 నానోమీటర్ల దగ్గర కనిపిస్తుంది. బయోటిన్ రాగానే అది లేచిపోతుంది, రంగు తగ్గుతుంది. 900 మైక్రోలీటర్ల హాబా-అవిడిన్ ఓడీ చదివి, అదే క్యువెట్‌లో 100 మైక్రోలీటర్ల మీ శాంపిల్ కలిపి మళ్లీ చదవండి.

ఉదాహరణకు ముందు 1.000. పలచనైనందుకు 0.9తో గుణిస్తే 0.900. కలిపాక 0.787 వచ్చింది. తేడా 0.113. దాన్ని 34,000తో భాగిస్తే 3.3 మైక్రోమోలార్. పది రెట్లు పలచన చేశాం కాబట్టి అసలు శాంపిల్‌లో 33. యాంటీబాడీ మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము, అంటే 6.67 మైక్రోమోలార్. 33ను 6.67తో భాగిస్తే 5. ఒక్కో యాంటీబాడీకి 5 బయోటిన్లు, మనకు కావలసింది అదే.

ఇక్కడ మోసపోయేది ఒకటుంది. హాబాకు అతుక్కున్న బయోటిన్, తిరుగుతున్న బయోటిన్ తేడా తెలియదు. 15, 18 లాంటి అంకె వస్తే సంబరపడొద్దు. మరో రాత్రి డయాలిసిస్ చేసి మళ్లీ చదవండి. అంకె పడిపోతే అది అతుక్కోనిదే. పడకపోతే నిజంగానే ఎక్కువ ఎక్కింది, వచ్చేసారి 10 రెట్లకు తగ్గించండి.

మూడోది అసలు పరీక్ష: యాంటీబాడీకి ఇంకా కళ్లున్నాయా? ప్లేటులో తెగులు సోకిన ఆకు రసం, ఆరోగ్యమైన ఆకు రసం, ఉత్త బఫర్ మూడూ పెట్టి, బయోటిన్ యాంటీబాడీని 1:500 నుంచి 1:8000 దాకా రెట్టింపు పలచన చేస్తూ వేయండి. 5, 10, 20 రెట్ల ట్యూబులు మూడూ పక్కపక్కన. చూడాల్సింది ఏది ఎక్కువ రంగు ఇచ్చిందని కాదు, తెగులు ఆకుకూ మంచి ఆకుకూ మధ్య ఏది ఎక్కువ దూరం ఇచ్చిందని. 20 రెట్లది రెండింట్లోనూ ఎర్రగా మండి, 10 రెట్లది విడదీసి చూపిన సందర్భాలు నా నోటుబుక్కులో చాలా ఉన్నాయి. ఒక వరుసలో బయోటిన్ యాంటీబాడీ వేయకుండా స్ట్రెప్టావిడిన్ మాత్రమే వేయండి. ఆకులో సొంతంగా బయోటిన్ ఉన్న ప్రొటీన్లు ఉంటాయి. ఆ వరుస రంగు తిరిగితే తప్పు లేబులింగ్‌ది కాదు, ఆ ప్రొటీన్లదో కడగడానిదో.

హాబాలో 5 వచ్చి, ఇక్కడ సిగ్నల్ చచ్చిపోతే మీ యాంటీబాడీ పట్టుకునే చోటే లైసిన్ ఉన్నట్టు. నిష్పత్తి తగ్గించినా కుదరకపోతే దారి మార్చండి. హైడ్రజైడ్ బయోటిన్ తీసుకుని, యాంటీబాడీ కాండం మీది చక్కెర గొలుసులకు ఎక్కించవచ్చు. దానికి ముందు సోడియం పెరియోడేట్‌తో చీకట్లో, ఐస్ మీద అరగంట ఆక్సీకరణ చేయాలి. మాలిమైడ్ బయోటిన్ అయితే సిస్టీన్లకు పోతుంది, పీహెచ్ 6.5 నుంచి 7.5 మధ్య. అక్కడ ట్రిస్ బెడద లేదు కానీ సిస్టీన్ జంటలను విడదీయడానికి వేసిన డీటీటీ మిగిలితే అంతా దానికే పోతుంది.

మనుషుల సీరంతో పనిచేసేవాళ్లకు ఒక హెచ్చరిక. జుట్టు, గోళ్ల కోసమని 5, 10 మిల్లీగ్రాముల బయోటిన్ మాత్రలు మింగేవాళ్లు ఇప్పుడు ప్రతి ఊళ్లో ఉన్నారు. ఆ బయోటిన్ రక్తంలో ఉండి, బయోటిన్-స్ట్రెప్టావిడిన్ పరీక్షలను తప్పుదారి పట్టిస్తుంది. శాండ్‌విచ్ పరీక్షలో ఫలితం తక్కువగా, కాంపిటీటివ్ పరీక్షలో ఎక్కువగా రావచ్చు. గుండెపోటుకు చూసే ట్రోపోనిన్ తక్కువగా చూపించే ప్రమాదం ఉందని అమెరికా ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. శాంపిల్ తీసుకునేటప్పుడు "ఏమైనా మాత్రలు వాడుతున్నావా అమ్మా" అని ఆగిపోకుండా, "జుట్టుకు వాడుతున్నావా" అని కూడా అడగండి. అవి మందులని చాలామంది అనుకోరు.

8. దాచడం

వారాల్లో వాడేస్తారంటే 0.02 శాతం సోడియం అజైడ్ వేసి 4 డిగ్రీల్లో. అజైడ్ విషం, చేతికి గ్లవ్స్ ఉండాలి, సింకులో పోయొద్దు. నెలల తరబడి అయితే సమానంగా గ్లిసరాల్ కలిపి మైనస్ 20లో. గ్లిసరాల్ ఉంటే గడ్డకట్టదు, కరెంటు పోయి వచ్చినా కరిగి గడ్డకట్టే దెబ్బ తగలదు. మన ఊళ్లలో అందుకే నేను దీనికే ఓటేస్తాను. గాఢత సగమవుతుందని లెక్కలో గుర్తుంచుకోండి. 50 మైక్రోలీటర్ల చొప్పున పంచండి.

ట్యూబు మీద ఏ యాంటీబాడీ, ఎన్ని రెట్లు ఇచ్చారు, హాబాలో ఎన్ని వచ్చాయి, గాఢత, తేదీ, ఏ లాట్ బయోటిన్, ఇవన్నీ స్పిరిట్ తగిలినా చెరగని పెన్నుతో రాయండి. బయోటిన్ ఎక్కించని అదే యాంటీబాడీ ఒక ట్యూబు ఎప్పుడూ పక్కనే దాచండి. ఆరు నెలల తర్వాత ప్లేటు చెడితే మీరు మొదట వెతికేది దాన్నే.